దాక్కున్న చోటి నుంచే రాయి

పెద్ద వాల్తేరు,
విశాఖపట్నం,
ఏప్రిల్ 2.

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దాంతో పాటు పోటీకని రాసి, పిన్ను కొట్టి పంపిన నాలుగు పేజీలూ మొన్న అందాయి. ఇంటర్ పరీక్షల టెన్షన్‌లో ఉండి కూడా ఒక్క కొట్టివేత లేకుండా ఫెయిర్ చేసి పంపావంటే, ఆ పేజీలంటే నీకెంత ప్రాణమో తెలుస్తూనే ఉంది. ‘గౌరవనీయులైన రచయిత్రి గారికి’ అని మొదలుపెట్టావు. నా మనవరాలి కంటే ఏడాదే పెద్దదానివి. ఇకనుంచి ‘మామ్మా’ అని రాయి.

మీ జాలారిపేట నుంచి మా ఇంటికి నడిచి రావచ్చు. అయినా ఉత్తరమే రాశావు. ఎదురుగా కూర్చుంటే నోరు పెగలని సంగతులు కొన్ని ఉంటాయి, నాకూ ఉండేవి. అందుకే నేనూ ఉత్తరమే రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నీ పేజీలు రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒక్క బిగిన, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. నిరుడు వేట నుంచి తిరిగొస్తున్న మరబోటులో వించ్ తాడు మధ్య మీ నాన్న కుడి చెయ్యి పడడం, మూడు వేళ్లు పోవడం. ఆ కబురు తెలిసిన రాత్రి మీ అమ్మ హార్బర్‌కి పరిగెత్తితే నువ్వు తమ్ముడితో ఇంట్లో ఉండిపోవడం. ఆసుపత్రి, అప్పు, అమ్మ మళ్లీ గంప ఎత్తడం, నువ్వు కాలేజీ మానేద్దామనుకుని మానకపోవడం. ఇవన్నీ పదిహేడేళ్లు నిండకముందే చూశావు. ‘బాగుందో లేదో ఒక్క ముక్క చెప్పండి’ అన్నావు. ఒక్క ముక్కలో తేల్చేస్తే నీకూ, నువ్వు పడ్డ కష్టానికీ అన్యాయం చేసినట్టే.

నాలుగు పేజీల్లో ‘ధైర్యం’ అన్న మాట పదిహేడుసార్లు వచ్చింది. లెక్కపెట్టాను. ‘భయం’ ఒక్కసారి కూడా రాలేదు. ఆ రాత్రి గురించి నువ్వు రాసింది ఒకే ఒక్క వాక్యం: ‘తమ్ముడిని గుండెలకు హత్తుకొని ధైర్యంగా ఆ కాళరాత్రిని ఎదుర్కొన్నాను.’ అక్కడ పెన్సిల్‌తో సున్నా చుట్టాను. తప్పని కాదు. ఆ వాక్యం లోపల ఒక రాత్రంతా ఉంది, దాన్ని నువ్వు మూత పెట్టి పక్కన పెట్టేశావు.

మూడో పేజీలో, రెండు పెద్ద పేరాల మధ్య, నువ్వు పెద్దగా పట్టించుకోకుండా రాసిన రెండు చిన్న వాక్యాలున్నాయి. ‘నాన్న ఇప్పుడు ఎడమ చేత్తో తింటున్నాడు. మేం ఇంటికి రాకముందే తినేస్తాడు.’

అమ్మాయీ, అక్కడికొచ్చేసరికి నేను కళ్లజోడు తీసి పక్కన పెట్టాను. ఎడమ చేత్తో తినకూడదని మన ఇళ్లలో పిల్లలకి చేతి మీద కొట్టి మరీ నేర్పుతారు. చిన్నప్పుడు నీ చేతి మీద కూడా ఎవరో కొట్టే ఉంటారు, బహుశా మీ నాన్నే. ఆ మనిషి ఇప్పుడు మీ ఇద్దరి కంటా పడకుండా ముందే తినేస్తున్నాడు. ఆ సంగతి మీ అమ్మ చెప్పిందా? కడిగి బోర్లించిన కంచం చూసి నువ్వే పట్టేశావా? పట్టేసిన రోజు ఏం చేశావు? ఆయనతో ఏమైనా అన్నావా, ఏమీ ఎరగనట్టు ఊరుకున్నావా? నీ రచన అక్కడ ఉంది. నాలుగు పేజీల్లో మిగతాదంతా దాని చుట్టూ కట్టిన ప్రహరీ.

ఇలా ఎందుకంటున్నానో తెలియాలంటే నా సంగతి ఒకటి చెప్పాలి. నీ వయసు దాటాక చాలా ఏళ్ల పాటు ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు మేం అల్లిపురంలో ఉండేవాళ్లం. 1973. నాకు పదిహేనేళ్లు. నాన్న పనిచేసే చోట లెక్కల్లో తేడా వచ్చిందన్నారు, తప్పెవరిదో తేలకముందే ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆరు నెలల్లో ఇంటి మీద అప్పులయ్యాయి. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. ఒక మధ్యాహ్నం అప్పిచ్చినాయన ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి, బాకీ కింద కుట్టు మిషన్ పట్టుకుపోతానన్నాడు. నాన్న ఊళ్లో లేడు.

ఆ ఏడాదే మా స్కూల్లో వ్యాసరచన పోటీ పెట్టారు. ‘నా జీవితంలో మరపురాని సంఘటన.’ నేను ఆ మధ్యాహ్నం గురించే రాశాను. మిషన్‌కి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డానని రాశాను. ‘ఇది మా అమ్మ కష్టార్జితం, దీన్ని ముట్టుకునే హక్కు మీకు లేదు’ అని గద్దించానని రాశాను. ఆయన తల దించుకుని వెనక్కి వెళ్లిపోయాడని కూడా రాశాను. మొదటి బహుమతి వచ్చింది, స్టీలు గ్లాసు. ప్రార్థన జరిగేచోట అందరి ముందూ చదివించారు. టీచర్లు కళ్లు తుడుచుకున్నారు.

ఆ సాయంత్రం అమ్మ గ్లాసు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ‘ఏం రాశావో చదువు, వింటాను’ అంది. ఆవిడకి అక్షరాలు కూడబలుక్కుని చదవడం వరకే వచ్చు. చదవనని మొండికేశాను. మళ్లీ అడిగింది. చదివాను. చివరి దాకా వింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా అంది: ‘జాకెట్టు ముక్క సంగతి రాయలేదేమే?’

అసలు జరిగింది ఇదీ. వాళ్లు రాగానే నేను వంటింటి తలుపు వెనక్కి పోయాను. రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చున్నాను. అమ్మ గడపలో నిలబడి వాళ్లతో మాట్లాడింది. చివరికి వాళ్లు మిషన్ ఎత్తుతుంటే అంది: ‘మిషన్ తీసుకెళ్లండి బాబూ. దాని మీదున్న జాకెట్టు ముక్క మాత్రం ఇచ్చి వెళ్లండి. అది వేరేవాళ్ల గుడ్డ.’ మిషన్ పోయింది. ఆ సగం కుట్టిన జాకెట్టు అమ్మ రాత్రి దీపం దగ్గర కూర్చుని చేత్తో కుట్టి, మర్నాడు పొద్దున్నే వాళ్లకి ఇచ్చేసి వచ్చింది.

నేను తలుపు వెనకాల ఉన్నానని అమ్మకి తెలుసు. ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. తన ధైర్యాన్ని నేను నా పేరు మీద రాసేసుకున్నానని కూడా అనలేదు. జాకెట్టు ముక్క సంగతి అడిగింది, అంతే. ఆ ఒక్క ప్రశ్నకి నేను తట్టుకోలేకపోయాను. ఆ గ్లాసుతో నేను ఏనాడూ నీళ్లు తాగలేదు.

మళ్లీ ఆ మధ్యాహ్నం గురించి రాయడానికి నాకు పదకొండేళ్లు పట్టింది. ఈసారి తలుపు వెనక నుంచి రాశాను. అక్కడ కూర్చున్న పిల్లకి ఏం వినిపించింది, తలుపు సందులోంచి ఏం కనిపించింది, అంతవరకే. మిషన్ చక్రం దానంతటదే ఒక చుట్టు తిరిగిన చప్పుడు. కొత్త చెప్పుల కిర్రు. అమ్మ గొంతులో వణుకు లేదు. కానీ సందులోంచి అమ్మ పాదం ఒక్కటే కనిపించేది. బొటనవేలు నేలకేసి నొక్కిపట్టి ఉంది, గోరు తెల్లబడేంత గట్టిగా. ఆవిడ కూడా భయపడిందని నాకు రాస్తున్నప్పుడు తెలిసింది. భయపడుతూనే ఆ గుడ్డ ముక్క అడిగిందని అప్పుడే అర్థమైంది. గడపలో చేతులు చాచి నిలబడ్డ అబద్ధపు పిల్లకి ఆ బొటనవేలు కనిపించే అవకాశమే లేదు.

అందుకే నిన్నూ అడుగుతున్నాను. ఆ రాత్రి నువ్వు ఎక్కడ కూర్చున్నావు? మంచం మీదా, గుమ్మం దగ్గరా? లైటు వేసే ఉంచావా? ఫోన్ ఎవరి చేతిలో ఉంది, చార్జింగ్ ఎంత మిగిలింది? తమ్ముడు అన్నం తిన్నాడా? ‘నాన్నకేమైంది’ అని అడిగితే వాడికి నిజం చెప్పావా, ఏదో ఒకటి చెప్పి పడుకోబెట్టావా? ఇరుగుపొరుగు ఎవరొచ్చారు, ఎవరు రాలేదు? నువ్వు ఏడిస్తే ఏడిచానని రాయి. నిద్రపోతే నిద్రపోయానని రాయి. నాన్న ఆసుపత్రిలో ఉంటే నేనెలా నిద్రపోయానా అని ఇప్పటికీ నిన్ను నువ్వు తిట్టుకుంటూ ఉంటే, అది కూడా రాయి. పదహారేళ్ల పిల్లకి ఆ రాత్రి భయం వేసిందంటే నిన్ను ఎవరూ తక్కువగా చూడరు. చూసేవాళ్ల కోసం మనం రాయడం లేదు.

నీ తప్పేమీ లేదు, అది ముందే చెప్తున్నాను. బడిలో మనకి నేర్పిన పద్ధతే అంత. ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు. ముగింపులో ఒక సూక్తి ఉండాలి, లేకపోతే మార్కులు తెగుతాయి. పరీక్షకి ఆ పద్ధతి పనికొస్తుంది, కాదనను. కానీ ఆ అలవాటుతో సొంత కష్టం రాయడానికి కూర్చుంటే, మొదటి వాక్యం నుంచే మనసు ఆ చివరి సూక్తి వైపు పరిగెడుతుంది. దారిలో కంచం కనిపించినా, చెయ్యి కనిపించినా ఆగదు. నువ్వు ‘ఉక్కునగరం బిడ్డను, నేనూ ఉక్కునే’ అని ముగించావు. ఆ మాట వెనకాల 1966 విశాఖ ఉక్కు ఉద్యమంలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు, ఫ్యాక్టరీకి భూములిచ్చి లేచిపోయిన ఊళ్లున్నాయి. అంత బరువైన మాటని అలంకారానికి వాడకు. పైగా అది నిజం కూడా కాదు. ఫీజు గడువు దగ్గర పడితే ఇప్పటికీ కడుపులో తిప్పుతుందని రెండో పేజీలో నువ్వే రాశావు. ఉక్కుకి కడుపులో తిప్పదు. ఇంకా తిప్పుతోందన్న దగ్గరే ఆపు. ఒడ్డుకి చేరకముందే చేరినట్టు రాయక్కర్లేదు.

ఉత్తరం చివర ఇంకో మాట అడిగావు, చిన్న అక్షరాలతో: ‘ఇవన్నీ రాస్తే బాధ తగ్గుతుందంటారు, నిజమేనా మేడం?’

దీని మీద నిజంగానే పరిశోధనలు జరిగాయి. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరురాలితో కలిసి చేసిన ఒక ప్రయోగాన్ని 1986లో ప్రచురించారు. కాలేజీ విద్యార్థుల్ని వరసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు రాయమన్నారు. కొందరికి మామూలు విషయాలు ఇచ్చారు. మిగతావాళ్లని తమ జీవితంలో బాగా కలచివేసిన సంఘటన రాయమన్నారు. వాళ్లలో కొందరు జరిగింది మాత్రమే రాశారు, కొందరు అనిపించింది మాత్రమే రాశారు, కొందరు రెండూ కలిపి రాశారు. తర్వాత ఆరు నెలల్లో రెండూ కలిపి రాసినవాళ్లు కాలేజీ డాక్టర్ దగ్గరికి వెళ్లడం తగ్గింది. కానీ రాసిన వెంటనే వాళ్ల మనసు తేలికపడలేదు, ఇంకా బరువెక్కింది. ఈ సంగతి నీకు ముందే తెలియాలి. ఆ రాత్రి గురించి రాసి లేచాక ఒకటి రెండు గంటలు, ఒక్కోసారి ఆ రోజంతా దిగులుగా ఉంటుంది. రాయడం నాకు పడలేదని నోటుబుక్ మూసేయకు.

ఆయన తర్వాతి ఏళ్లలో గమనించింది ఇంకొకటి ఉంది, రాసేవాళ్లుగా మనకి బాగా ఉపయోగపడేది. రోజులు గడిచేకొద్దీ ఎవరి రాతల్లో ‘ఎందుకంటే’, ‘అప్పుడు అర్థమైంది’ లాంటి మాటలు పెరుగుతూ వచ్చాయో వాళ్లకి మేలు ఎక్కువ కనిపించింది. మొదటి రోజే అన్నీ అర్థమైపోయినట్టు రాయడం కాదు, నెమ్మదిగా అర్థమవుతూ రావడం. నీ నాలుగు పేజీల్లో అన్నీ ముందే అర్థమైపోయాయి. అందుకే అవి నీకు కూడా ఊరట ఇవ్వలేదేమో ఆలోచించు.

నువ్వూ అలా నాలుగు రోజులు రాసి చూడు. మంచి నోటుబుక్ వద్దు, పాత రఫ్ బుక్ చాలు. టైమ్ పెట్టుకో. అక్షరదోషాలు దిద్దకు. ఎవరికీ చూపించకు, నాకు కూడా. ఒకవేళ ఎక్కడైనా తట్టుకోలేనంత అనిపిస్తే అక్కడితో ఆపేసి, ఇంకో విషయం రాయి, లేదా లేచి బయటికి వెళ్లు. దిగులు రోజుల తరబడి వదలకపోయినా, బతకడం మీద విసుగు పుడుతున్నా అది కాగితంతో తీరేది కాదు. మీ అమ్మకి చెప్పు, నాకు చెప్పు. ఎవరికీ చెప్పలేకపోతే, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది. ఉచితం, ఏ వేళైనా తీస్తారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇది నీ ఒక్కదానికే కాదు, నాకు ఉత్తరాలు రాసే పిల్లలందరికీ చెప్తాను.

మాటల సంగతికొద్దాం. ‘కాళరాత్రి’, ‘విధి వక్రించింది’, ‘త్యాగమూర్తి’. ఇవన్నీ నీకంటే ముందు ఎంతోమంది వాడి వాడి అరగదీసిన నాణేలు, ఎవరి బొమ్మో కూడా కనపడదు. నాకూ ఇదే జరిగింది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను. నీకప్పుడు ఐదారేళ్లుంటాయేమో, గాలి చప్పుడైనా గుర్తుండే ఉంటుంది. ఊళ్లో ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయింది, కైలాసగిరి బోడిదైపోయింది. వారం తర్వాత రాయడానికి కూర్చుంటే నా చేతికి మొదట వచ్చింది ‘ప్రకృతి ప్రళయతాండవం చేసింది.’ ఆ వాక్యం అప్పటికే ఊరంతా ఉంది. నాకు మిగిలిందేమీ లేదు.

కాగితం పక్కన పెట్టి, ఆ రోజు నా వీపుకి ఏం తగిలిందో గుర్తు తెచ్చుకున్నాను. తలుపు. గడియ ఊడిపోతుంటే రుబ్బురోలు దొర్లించి అడ్డం పెట్టి, దానికి తోడు నేనూ తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాను. నా పక్కనే పక్కింటావిడ. వాళ్ల రేకులు లేచిపోతే పిల్లల్ని తీసుకుని మా ఇంట్లోకి వచ్చేసింది. కుళాయి దగ్గర మాటా మాటా అనుకుని రెండేళ్లుగా మేం మాట్లాడుకోవడం లేదు. మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా ఆగింది. తుఫాను కన్ను మా మీదుగా పోతోందని మాకప్పుడు తెలియదు, అయిపోయిందనుకున్నాం. ఆ నిశ్శబ్దంలో ఆవిడ అడిగింది: ‘అగ్గిపెట్టె పొడిగా ఉందా?’ రెండేళ్ల తర్వాత మొదటి మాట అది. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొట్టింది. మేం కూడా లేచి ఎదురు గోడ కిటికీకి వీపులు ఆనించాం. మర్నాడు పొద్దున చూస్తే పెరట్లో వేపచెట్టు పడిపోయి, వంటింట్లోకి ఎప్పుడూ రాని ఎండ వచ్చింది. నేను రాసింది ఆ అగ్గిపెట్టె గురించి, ఆ ఎండ గురించి. ప్రళయం అన్న మాట వాడలేదు.

మీ అమ్మని ‘త్యాగమూర్తి’ అన్నావు. ఆవిడ ఎన్నింటికి లేస్తుంది? హార్బర్‌లో వేలం పాటలో ఎక్కడ నిలబడుతుంది? ఆ రోజు గంపలో కవళ్లా, కానాగంతలా? తల మీద పెట్టుకునే చుట్టకుదురు ఏ చీర ముక్కతో చుట్టింది? మిగిలిపోయిన చేపలు ఏం చేస్తుంది? నాన్నకి అలా అయ్యాక మళ్లీ గంప ఎత్తిన మొదటి రోజు ఎవరినైనా గట్టిగా కసురుకుందా? కసురుకుని ఉంటే అది తప్పకుండా రాయి. కష్టంలో ఉన్న మనిషికి కోపం రావడం నువ్వు చూశావంటే, ఆ మనిషిని దగ్గరగా చూశావన్నమాట. పెద్దవాళ్లు కూడా బెదిరిపోతారని, చిరాకుపడతారని, మన ముందు ఏమీ లేనట్టు నటిస్తారని కనిపెట్టే వయసు ఇది. పెద్దవడం గురించి ఒక పేరా రాశావు. నిజానికి నువ్వు పెద్దదానివైంది ఆ పేరాలో కాదు, నాన్న ముందే ఎందుకు తినేస్తున్నాడో కనిపెట్టిన రోజున.

ఇంకొకటి. ఆసుపత్రిలో మీ నాన్న నీతో అన్న మాట ‘నాకు ఏమియును కాలేదు’ అని రాశావు. ఆయన అలా అన్లేదు. నేను ఇక్కడ ఏళ్ల తరబడి ఉన్నదాన్ని, ఆయన ఏమని ఉంటాడో చెప్పగలను. ‘ఏటీ అవనేదే గుంటా’ అని ఉంటాడు. కాదా? ఆ ‘ఏటీ’, ఆ ‘గుంటా’ తీసేస్తే మంచం మీద కట్టుతో ఉన్న మీ నాన్న పోయి, పాఠ్యపుస్తకంలో ఒక తండ్రి వచ్చి కూర్చున్నాడు. మన యాస రాతలో పెడితే పరువు తక్కువని నీకెవరు చెప్పారో గానీ, మన ఉత్తరాంధ్ర మనిషి గిడుగు రామమూర్తి గారు జీవితమంతా పోరాడింది జనం మాట్లాడే మాటకి రాతలో చోటు కోసమే. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. నీ కథనం నువ్వు రాసే మామూలు తెలుగులోనే ఉండనీ, పరవాలేదు. మనుషుల మాట మాత్రం వాళ్ల నోట్లోంచి ఎలా వచ్చిందో అలాగే ఉంచు.

కొట్టివేతల గురించి కూడా ఒక మాట. మొదటిసారి రాసిందే దించి పంపినట్టున్నావు. ఏన్ ఫ్రాంక్ గురించి వినే ఉంటావు. 1942 జూన్ 12న, పదమూడో పుట్టినరోజుకి వచ్చిన పుస్తకంలో డైరీ రాయడం మొదలుపెట్టిన యూదు పిల్ల, రెండో ప్రపంచయుద్ధంలో నాజీలకి దొరక్కుండా కుటుంబంతో దాక్కుని ఉండేది. ఆ రాతలన్నీ ఒకే ఊపులో వచ్చాయని చాలామంది అనుకుంటారు. 1944 మార్చిలో, ఈ యుద్ధకాలపు డైరీలూ ఉత్తరాలూ దాచి ఉంచండని డచ్ మంత్రి ఒకాయన రేడియోలో చెప్పడం ఆమె వింది. తర్వాత కొన్ని వారాలకి పాత పేజీలు ముందేసుకుని విడి కాగితాల మీద తిరగరాయడం మొదలుపెట్టింది. కొన్ని తీసేసింది, కొన్ని కలిపింది, మనుషుల పేర్లు మార్చింది. దాక్కున్న ఇంట్లో, పదిహేనేళ్లు నిండీ నిండని వయసులో. తన కోసం రాసుకున్నది వేరు, చదివేవాళ్లకి ఇచ్చేది వేరని ఆమెకి తెలుసు. నీ రఫ్ బుక్ నీది. అందులోంచి బయటికి ఏది ఇవ్వాలో తర్వాత తేల్చుకోవచ్చు. పాతది మాత్రం చింపేయకు. తేదీ వేసి దాచుకో.

బయటికి ఇచ్చే ప్రతిలో మీకు అప్పిచ్చినాయన పేరు, ఎంత వడ్డీ అన్నది తీసేయ్. మీరు ఇంకా ఆయన వీధిలోనే నడవాలి. ఏ పేజీనీ ఫోన్‌లో స్టేటస్‌గా పెట్టకు. ఒక రాత్రి ఉద్రేకంలో పెట్టినది మర్నాడు తీసేసినా, చూసినవాళ్లు చూసేసి ఉంటారు.

నాన్న సంగతి దీనికంటే ముఖ్యం. ఆ ఎడమ చెయ్యి నీ రచనలో ఉంది గానీ ఆ చెయ్యి నీది కాదు. ఆయన దాచుకుంటున్నదాన్ని నువ్వు నలుగురి ముందూ పెట్టబోతున్నావు. పోటీకి పంపే ముందు ఆయనకి చదివి వినిపించాలి. నేను చెప్తే సులువుగానే ఉంటుంది, చెయ్యడం ఎంత కష్టమో నాకు తెలుసు. వద్దంటే పంపకు. రఫ్ బుక్‌లో ఉండనీ, ఎన్నేళ్లైనా ఉండనీ. నా తలుపు వెనకాల కథ అమ్మకి చదివి వినిపించాకే పత్రికకి ఇచ్చాను. విని, ‘ఆ జాకెట్టు ఆకుపచ్చది కాదే, మెంతిరంగు’ అంది. దిద్దాను.

ఈ నెల 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. మరబోట్లన్నీ వరసగా కట్టేసి ఉంటాయి. ఈ ఏడాదంతా మీ వీధిలో పగటిపూట ఇంటిపట్టున ఉన్న మగమనిషి మీ నాన్న ఒక్కడే అయి ఉంటాడు. ఈ రెండు నెలలూ అందరూ ఇళ్ల దగ్గరే ఉంటారు. వలలు బాగుచేసుకునేచోట కలాసీలందరూ కూర్చుంటారు కదా, ఆయన అక్కడికి వెళ్తాడేమో చూడు. వెళ్తే ఎవరి పక్కన కూర్చుంటాడు, కుడి చెయ్యి ఎక్కడ పెట్టుకుంటాడు, ఎవరైనా ఆయన చేతికి వల అందిస్తారా? నీకూ ఎలాగూ సెలవులే. వీలైతే ఒక రోజు నువ్వూ తమ్ముడూ మధ్యాహ్నం అన్నం వేళకి ఇంట్లోనే ఉండండి. నాన్న కోసమని చెప్పకండి. ఏం జరిగితే అది ఆ రాత్రే రాసుకో.

ఆదివారం సాయంత్రాలు నేను ఇంట్లోనే ఉంటాను. వచ్చేటప్పుడు ఈ నాలుగు పేజీలు కూడా పట్టుకురా, పక్కపక్కన పెట్టి చూద్దాం. నాకు ఈ మధ్యే కంటి ఆపరేషన్ అయింది, అక్షరాలు కాస్త పెద్దవిగా రాయి.

ఇట్లు
మీ మామ్మ